గాజు పలకల మీద కడుపు

ఆ ఏడు మొదటి సంవత్సరం అనాటమీలో పదిహేడు మంది తప్పారు. వైవాలో పదిహేడు మందినీ ఒకే ప్రశ్న అడిగారు. లెసర్ శాక్ అంటే ఏమిటి? పదహారు మంది పుస్తకంలో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. జీర్ణాశయం వెనక ఉండే ఖాళీ అన్నారు. దానికి ఒకటే వాకిలి అన్నారు. ఆ వాకిలికి ముందు ఏముంది, వెనక ఏముంది, పైన ఏముంది, కింద ఏముంది, అన్నీ వరసగా అప్పజెప్పారు. బల్ల మీద ఉన్న శవంలో ఆ వాకిట్లో వేలు పెట్టి చూపించమంటే మాత్రం ఒక్కరూ పెట్టలేకపోయారు.

పదిహేడో మనిషి ప్రేమ. ఆమె నిర్వచనం కూడా చెప్పలేదు. "చదివినాను సార్. కానీ నాకు అది కనపడలేదు" అంది.

"కనపడకపోతే కంటి డాక్టర్ దగ్గరికి పో" అన్నాడు విజయేంద్ర.

విజయేంద్ర అనాటమీ విభాగానికి పెద్ద. కోలారుకూ బంగారుపేటకూ మధ్య ఉన్న ఆ ప్రైవేటు కాలేజీలో ఆయన మాటకు ఎదురు లేదు. వైవాలో ఆయన పక్క కుర్చీలో కూర్చున్నది మేధ. అసిస్టెంట్ ప్రొఫెసర్, చేరి మూడేళ్లు. ప్రేమ మాట విన్నాక మేధ మార్కుల కాగితం మీద ఏమీ రాయలేదు. ఆ పిల్లది వేమగల్ అవతల పల్లె. తండ్రి దొడ్డమునియప్పకు నాలుగు ఆవులు, ఎకరం మల్బరీ. ప్రేమ తప్పడం ఇది మూడోసారి. నాలుగు సార్లకు మించి రాయనివ్వరు. సప్లిమెంటరీ పరీక్షకు ఏడు వారాలుంది.

మరునాడు మేధ విజయేంద్ర గదికి వెళ్లి, తప్పినవాళ్లకు పాఠం చెప్పడానికి శనివారం మధ్యాహ్నాలు ఇమ్మని అడిగింది.

"ఏం చేస్తావు?"

"స్క్రీన్ మీద చూపిస్తాను సార్. సీటీ స్కాన్ ఫిల్ముల నుంచి మోడల్ కట్టి, తిప్పి, లోపలికి తీసుకుపోయి చూపిస్తాను. నా మాట రికార్డు చేసి, వీడియోను ఫోన్లకు పంపిస్తాను. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకుంటారు."

"బొమ్మలాట."

"అట్లే అనుకోండి సార్."

"ముప్పై ఒక్క ఏళ్లుగా కత్తి పట్టుకుని చెప్పినాను నేను. నా దగ్గర నేర్చుకున్నోళ్లు ఇప్పుడు సర్జన్లు. వాళ్లకెవరూ సినిమా చూపించలేదు."

"మీరు మొదలుపెట్టినప్పుడు పది మందికి ఒక శవం సార్. ఇప్పుడు ముప్పై మందికి ఒకటి. వెనక నిలబడినోళ్లకు ముందున్నోళ్ల వీపు తప్ప ఏమీ కనపడదు."

ఆయన క్యాలెండర్ చూసి, రెండు వారాల తరవాతి నుంచి మూడు శనివారాలకు గీత గీశాడు. "మూడోదానికి నేను వచ్చి కూర్చుంటాను. నాకు సరి అనిపించకపోతే ఆ రోజుతో మూసేస్తాము."

మేధ కోలారు బంగారు గనుల దగ్గరి కోరమండల్‌లో మేనత్త ఇంట్లో ఉంటుంది. మేనత్త కుముద గనుల సర్వే ఆఫీసులో ఇరవై నాలుగేళ్లు ట్రేసర్‌గా చేసింది. సర్వేయర్లు కింద కొలిచి తెచ్చిన లెక్కల ప్రకారం డ్రాఫ్ట్స్‌మన్ పటం గీస్తే, ఆ పటం మీద ట్రేసింగ్ బట్ట పరిచి ఇంకుతో ఎత్తి రాయడం ఆమె పని. గనులు మూసిన రోజుకు ఆమెకు నలభై ఐదు. ఇప్పుడు అరవై తొమ్మిది.

ఆ ఆదివారం మేధ ల్యాప్‌టాప్‌లో మోడల్ తిప్పుతూ కూర్చుంది. సాఫ్ట్‌వేర్ లివర్‌కు ఒక రంగు, స్టమక్‌కు ఒక రంగు, పేగులకు ఒక రంగు వేసింది. కుముద చిక్కుడుకాయలు ఒలుస్తూ వచ్చి వెనక నిలబడింది.

"ఏంది మేధా ఇది, ఊరేగింపుకు కట్టిన పల్లకి మాదిరి ఉండాది."

"కడుపు అత్తా."

"ఎవురిది?"

"ఎవరిదో. పేరు తీసేసి ఇస్తారు."

"దీంట్లో నువ్వు పిల్లోళ్లకు చూపించాల్సింది యాది?"

మేధ మోడల్‌ను పక్కకు తిప్పింది. స్టమక్‌ను సగం కనపడీ కనపడకుండా చేసింది. "ఇదిగో, దీని వెనక ఉన్న ఖాళీ."

కుముద చాలాసేపు చూసింది. "నాకేమీ కనపడలేదు" అంది. "ఖాళీ చూపించేదానికి ఇన్ని రంగులు పూస్తే ఎట్ల? మేము ఇరవై నాలుగేండ్లు ఖాళీనే గీస్తిమి. రాయి గీసిందే లేదు. రాయి ఎట్లాగూ ఉండాది, దాన్ని గీసేదెందుకు? మనిషి దిగేది బొక్కలోకి. బొక్క ఎంత పొడుగు, ఎంత వెడల్పు, యాడ తిరుగుతాది, దేంట్లో కలుస్తాది, అంతే."

మేధ ల్యాప్‌టాప్ మీదనుంచి చేయి తీసింది.

కుముద కుర్చీ లాక్కుని చెప్పింది. ఆఫీసులో ఒక మూల చెక్క ఫ్రేములో గాజు పలకలు ఒకదాని కింద ఒకటి ఉండేవి. గనిలో ఒక్కో లెవెల్‌కు ఒక్కో పలక. ఆ లెవెల్‌లో తవ్విన జాగా మాత్రం ఆ పలక మీద గీసి ఉండేది. పై నుంచి వంగి చూస్తే, పలకలన్నీ కలిసి గని మొత్తం కనపడేది. రాయి ఉన్నచోట గాజు. ఖాళీ ఉన్నచోట ఇంకు. కొత్త ఇంజినీర్లకు వారం రోజులు చెప్పినా ఎక్కనిది అక్కడ పావుగంట నిలబెడితే ఎక్కేదట.

"నాకు గీసిస్తావా అత్తా?"

"చేయి వణుకుతాది."

"ఎంత?"

"పెన్ను పట్టుకున్నాక అంత ఉండదులే" అంది కుముద.

పద్దెనిమిది సీటీ చిత్రాలు తీసుకున్నారు, పై నుంచి కిందికి వరసగా. కుముద రెండు కళ్లద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ఒక్కో చిత్రం మీద పారదర్శక ఫిల్ము పరిచి, ఆ ఖాళీ అంచును మాత్రం నీలి ఇంకుతో ఎత్తింది. లివర్ అంచు కూడా సన్నగా ఒక గీత గీద్దామంది మేధ.

"ఎందుకు?"

"ఆనవాలుకు."

"బేడ, వద్దు. ఈ పొద్దు లివర్ అంటావు, రేపు కిడ్నీ అంటావు, ఎల్లుండికి మళ్లీ పల్లకి. ట్రేసర్ పని గీసేది అనుకుంటారు అందరూ. వదిలేసేది పని."

సీటీ చిత్రాల అంచున అక్షరాలుంటాయి, కుడి పక్క ఏదో ఎడమ పక్క ఏదో చెప్పేవి. కుముద వాటినీ ఎత్తలేదు. ఆఫీసులో అక్షరాలు ట్రేసర్ రాసేవాళ్లు కాదు. ఓబలప్ప అని వేరే మనిషి ఉండేవాడు, అన్నీ అయ్యాక ఆయన వచ్చి రాసేవాడు. ఇక్కడ ఓబలప్ప లేడు. ఆ పని తాను చేయాలని మేధకు తట్టలేదు.

రాబర్ట్‌సన్‌పేటలో అద్దాల పని చేసే సీనప్ప పద్దెనిమిది పలకలు అడుగు చదరం చొప్పున కోసి, చెక్క ఫ్రేముకు పలకలు దూరే గాళ్లు తీసి ఇచ్చాడు. కుముద పై చిత్రం పైన, కింది చిత్రం కింద, ఒక్కో పలకకు ఒక్కో ఫిల్ము అంటించింది. మేధ అవే ట్రేసింగులను ఫోటో తీసి, అదే వరసలో ల్యాప్‌టాప్‌లో పేర్చింది. ఒక్క నీలి రంగు, చుట్టూ ఏమీ లేదు. ఆ నీలాన్ని తిప్పుతూ, చివరికి వాకిలి దగ్గరికి వచ్చి లోపలికి దూరేలా ఆరు నిమిషాల వీడియో చేసింది. రోజూ క్లాసులో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు కలిపి చెప్పి రికార్డు చేసింది. ఒక్కో ట్రేసింగునూ అసలు చిత్రం పక్కన పెట్టి సరిచూసింది. పద్దెనిమిదికి పద్దెనిమిది సరిపోయాయి.

మొదటి శనివారం వీడియో రెండుసార్లు వేసి, తరవాత ఫ్రేము బల్ల మీద పెట్టింది. పిల్లలు ఒకరి తరవాత ఒకరు వంగి చూశారు. ప్రేమ అందరికంటే ఎక్కువసేపు వంగింది. లేచాక ముఖం ఎర్రబడి ఉంది.

"ఏమైంది?"

"రెండేండ్లుగా నేను సంచి కోసం వెతుకుతాండాను మేడం. శాక్ అన్నారు కదా, శవం కడుపులో యాడో ఒక సంచి ఉంటాది, దాన్ని కోసి బయటికి తీయాలనుకున్నాను. అది దొరకలేదని భయపడి ఎవురినీ అడగలేదు. ఇది సంచి కాదు. రెండు గోడల నడుమ జాగా."

"ఎవరైనా చెప్పలేదా?"

"అందరూ చెప్పినారు. వాళ్ల మాటల్లోనూ శాకే ఉండె."

రెండో శనివారానికి వాళ్లు కళ్లు మూసుకుని వాకిలి ఎక్కడుందో గాలిలో చూపించే స్థితికి వచ్చారు. తేజస్ అనే కుర్రాడు ఒక్కడు ఇంకా తడబడుతున్నాడు. మిగతావాళ్ల ఫోన్లలో ఆ వీడియో ఎంత తిరిగిందంటే, హాస్టల్లో మేధ గొంతును అనుకరించి నవ్వుకునేవాళ్లు.

మూడో శనివారం విజయేంద్ర వచ్చాడు. వెనక వరసలో కూర్చుని వీడియో మొత్తం చూశాడు. లైట్లు వేశాక లేచి వచ్చి ఫ్రేము చుట్టూ తిరిగాడు.

"ఎవరు గీసినారు?"

"మా అత్త సార్."

"చేయి బాగుంది." తరవాత ప్రేమను పిలిచాడు. "ఈ ఫ్రేములో మనిషి ముఖం ఎటు?"

"మన వైపు సార్."

"వాకిట్లో వేలు పెట్టు."

ప్రేమ తడుముకోలేదు. పలకల మధ్య సందులోంచి వేలు నేరుగా పోయింది.

"మనిషికి అది ఏ పక్క?"

"ఎడమ పక్క సార్."

గదిలో కొందరు తల ఊపారు. విజయేంద్ర ప్రేమను చూడలేదు, మేధను చూశాడు. మేధ ఫ్రేము వైపు చూసింది. ప్రేమ వేలు ఇంకా అక్కడే ఉంది. వాకిలి ఉండాల్సింది కుడి పక్క. ఏ పుస్తకంలోనైనా, ఏ శవంలోనైనా కుడి పక్క. మేధ వేల సార్లు చెప్పిన సంగతి.

"లివర్ ఉండుంటే ఎడమకు కనపడేది, నీకు తెలిసేది" అన్నాడు విజయేంద్ర. "అదీ తీసేసినావు. పదిహేడు మంది కడుపులు తిప్పి కుట్టినావు తల్లీ."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పిల్లలను బయటికి పంపి ఆయన తలుపు వేశాడు.

"పరీక్షకు పన్నెండు రోజులుంది" అన్నాడు. గొంతులో కోపం లేదు. "వీడియో తీసెయ్యి. ఫోన్లలో ఉన్నదీ తీసెయ్యమని చెప్పు. ఈ చెక్కపెట్టె ఇంటికి తీసుకుపో. శనివారాలు అయిపోయినాయి. ఎందుకు, ఏమిటని ఎవరూ అడగరు. నేనూ ఏమీ రాయను."

"ఫోన్లలోంచి తీస్తారు సార్. తలల్లోంచి ఎట్ల తీస్తారు?"

"పుస్తకం చదువుకుంటారు."

"పుస్తకం చదివి తప్పినోళ్లే సార్ వీళ్లు. తప్పు నాది. ఎట్ల జరిగిందో కనుక్కుని వచ్చే శనివారం వాళ్ల ముందర చెప్తాను."

"వచ్చే శనివారం లేదంటున్నాను."

"ఉంది సార్."

ఆయన తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున మేధ సీటీ చిత్రాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, పక్కన ట్రేసింగు పట్టింది. గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. తేడా లేదు. ప్రతి పలకా సరే, పేర్చిన మొత్తం తప్పు. కుముద కాఫీ గ్లాసు పెట్టి చిత్రం అంచున ఉన్న అక్షరం చూసింది.

"ఈ ఆర్ ఏంది?"

"రైట్. రోగి కుడి పక్క."

"కుడి పక్క ఎడమకు రాసినారే."

"మనం కాళ్ల దగ్గర నిలబడి తల వైపు చూస్తున్నట్లు అత్తా. సీటీ అంతా అట్లే. రోగి మంచం మీద పడుకుని ఉంటాడు, డాక్టర్ కాళ్ల దగ్గర నిలబడి..." మేధ మధ్యలో ఆగింది.

కుముదకు అప్పటికే తెలిసిపోయింది. "కింద నుంచి చూసిన పటమా ఇది?" అంది. "దీన్ని నేను పై నుంచి చూసినట్లు పేరుస్తినే. గనిని కింద నుంచి ఎవురు చూస్తారు? మేము ఎప్పుడూ పైననే నిలబడితిమి."

కాఫీ చల్లారింది. ఎవరూ తాగలేదు.

"తప్పు నాదత్తా. నేను డాక్టర్‌ని."

"గీసింది నేను." కుముద చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఒకసారి ట్రేసింగు తప్పు పోయింది మాకు. ఒక లెవెల్‌లో అడ్డగోడ పటంలో పది అడుగులు జరిగి ఉండె. ఎవురికీ దెబ్బ తగల్లేదు, తగలకముందే తెలిసింది. ఆఫీసర్ ఏమన్నాడంటే, పటం చించేసి కొత్తది పంపించండి, గొడవ లేదు అన్నాడు. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గుండూరావు ఒప్పుకోలేదు. ఆ పటం చూసి నూరు మంది దిగినారు, వాళ్ల కాళ్లకు ఆ దోవ అలవాటు అయ్యుంటాది, కొత్త కాగితం ఇస్తే కాళ్లకు తెలుస్తాదా అన్నాడు. గీసిన మనిషినే షాఫ్ట్ కాడికి పంపించినాడు. షిఫ్ట్ దిగేవాళ్లు వరసలో నిలబడి ఉంటే, నేను తప్పు గీసినాను, గోడ ఇక్కడ కాదు అక్కడ అని చెప్పాల. ఒక్కో షిఫ్ట్‌కు. మూడు షిఫ్టులు."

"ఎవరు గీసింది?"

"ఇంకెవురు? నేనే. ఇరవై మూడేండ్లు నాకు. అంతమంది మగోళ్ల ముందర. కొందురు తిట్టినారు, తిట్టనీ. ఒక్కడు కూడా గోడకు గుద్దుకోలేదు."

మేధ ఫ్రేము మీది స్క్రూలు విప్పబోయింది. ఫిల్ముకు రెండు వైపులున్నాయి. ముందు అంచు ముందే ఉంచి ఒక్కో దాన్ని బోర్లా తిప్పి అంటిస్తే చాలు, అంతా సరిపోతుంది. అరగంట పని. కుముద ఆమె చేయి పట్టుకుంది.

"మనం తిప్పితే వాళ్లకేం తెలుస్తాది? తప్పు పటం అట్లే తీసుకపోదాం. వాళ్లే తిప్పనీ."

వీడియో మాత్రం ఆ రోజే చేసింది మేధ. తెరకు ఎడమ సగంలో తప్పు మోడల్, కుడి సగంలో సరైనది. రెండూ ఒకేసారి తిరుగుతాయి. తప్పు ఎక్కడ జరిగిందో తన గొంతుతో చెప్పింది. మూడు నిమిషాలు. పాతదాన్ని ఎవరూ తీసెయ్యవద్దని, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడమని రాసి, పదిహేడు మందికీ పంపింది.

సోమవారం మెమో వచ్చింది. క్లాసు రద్దు, గది తాళం విభాగంలో ఇవ్వాలి, జరిగినదానికి రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి. మేధ నాలుగు వాక్యాలు రాసింది. 'ఈ చిత్రాలు కాళ్ల వైపు నుంచి చూసినవి. నేను వాటిని పై నుంచి చూసినట్లు పేర్చాను. తప్పు నాది, సరిచేశాను. శనివారం రెండు గంటలకు విద్యార్థులకు వివరిస్తాను.' మధ్యాహ్నానికి కాగితం తిరిగి వచ్చింది. నాలుగో వాక్యం మీద ఎర్ర ఇంకు గీత. మేధ తెల్ల కాగితం తీసుకుని అవే నాలుగు వాక్యాలు మళ్లీ రాసి పంపింది. మంగళవారం అదీ తిరిగి వచ్చింది. మూడోసారి రాసి, ఈసారి తానే తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టింది.

"నీకు ఉద్యోగం అక్కరలేదా?" అన్నాడు విజయేంద్ర.

"కావాలి సార్. అందుకే చేస్తున్నాను."

శనివారం మారికుప్పం నుంచి వచ్చే రైలును కోరమండల్‌లో ఎక్కారు అత్తాకోడళ్లు. ఫ్రేమును రెండు సీట్ల మధ్య నిలబెట్టి, చుట్టూ బెడ్‌షీటు కట్టారు. బెంగళూరు పోయే ఆయనొకడు అది చేపల తొట్టా అని అడిగాడు. "కడుపప్పా" అంది కుముద. ఆయన కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు. బంగారుపేటలో దిగి, ఆటో మాట్లాడుకుని కాలేజీకి చేరేటప్పటికి రెండుకు పది నిమిషాలుంది.

గదికి తాళం. దాని ముందు పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు. ముగ్గురు రాలేదు.

"స్కూటర్ స్టాండ్‌లో రేకులున్నాయి, నీడ ఉంటుంది" అంది మేధ.

రెండు బండ్లు జరిపి ఫ్రేము సిమెంటు గచ్చు మీద పెట్టారు. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. మేధ మొదలుపెట్టేలోపే కుముద ముందుకు వచ్చింది.

"నేను కుముద. సర్వే ఆఫీసులో ట్రేసర్‌ని. ఈ పటం గీసింది నేను. వాకిలి మనిషికి ఎడమకు పెట్టినాను. అది తప్పు. కుడికి ఉండాల. కాళ్ల కాడ నిలబడి చూసే పటాన్ని నెత్తిన నిలబడి చూసినట్లు పేర్చినాను. తిట్టేవాళ్లు తిట్టండి."

ఎవరూ తిట్టలేదు. "అవ్వా, మాకు పదిహేను రోజులు ఎడమ పక్కే నొప్పి వచ్చె" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు. కుముద కూడా నవ్వింది.

మేధ స్క్రూడ్రైవర్ ప్రేమ చేతిలో పెట్టింది. ప్రేమ మొదటి పలక లాగి, ఫిల్ము ఊడదీసి, కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పింది. "మేడం, పలకల వరస మార్చకుండా, ముందు అంచు ముందే ఉంచి బోర్లించాల, కదా?"

"ఎందుకు?"

"కింద నుంచి చూసేవాడి పటం కదా. వాడు చూసే వైపు కిందికి పోవాల."

రెండో పలక ఇంకొకరు తీశారు. ఐదో పలక వేసిన పిల్ల ముందువెనకలు మార్చింది. పక్కవాళ్లే అరిచి ఆపారు. పద్దెనిమిది పలకలు తిప్పేటప్పటికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో కుడి అన్న మాట ఎన్నిసార్లు వినపడిందో మేధ లెక్క పెట్టలేదు. ప్రతి ఒక్కరూ ఒకసారైనా తమ పొట్ట మీద చేయి పెట్టుకుని చూసుకున్నారు.

చివరి పలక బిగిస్తుండగా విజయేంద్ర వచ్చాడు. కారు తాళాలు చేతిలో ఉన్నాయి.

"ఎవరీమె?"

"గీసిన మనిషినప్పా" అంది కుముద. "నీవేనా డాక్టరప్పా, తప్పు పట్టింది? మంచి కన్ను నీది. మా ఆఫీసులో ఉండి ఉంటే చెకర్ పని ఇస్తా ఉండిరి."

ఆయన మేధ వైపు తిరిగాడు. "మెమో అందిందా?"

"అందింది సార్. గది తెరవలేదు. మెమోలో స్కూటర్ స్టాండ్ గురించి లేదు."

"వీళ్ల టైమ్ పాడు చేస్తున్నావు. ఐదు రోజుల్లో పరీక్ష."

"అడిగి చూడండి సార్" అంది మేధ. "మీరే ఇంటర్నల్ ఎగ్జామినర్. ఇప్పుడే అడగండి."

ఆయన తాళాలు జేబులో వేసుకున్నాడు. ప్రేమను చూపించాడు. "స్టమక్ వెనక గోడకు పుండు పడి తూటు పడింది. రోగి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లోపలి నీళ్లు ఎటు పోతాయి?"

ఈ ప్రశ్న వీడియోలో లేదు. మేధ ఎప్పుడూ అడగలేదు. ప్రేమ ఫ్రేము వైపు చూడలేదు. గచ్చు మీద ఒక మొండి సుద్దముక్క ఉంటే తీసుకుని, కూర్చుని, ముందు ఖాళీ గీసింది. దాని చుట్టూ గోడలు తరవాత గీసింది.

"ముందు ఇక్కడ నిండుతాయి సార్. స్టమక్ వెనక. దీనికి వాకిలి ఒకటే, కాబట్టి నిండినాక అటే పోవాల." ఒక గీత కుడికి లాగింది. "లివర్ కింద, కుడి కిడ్నీ ముందర ఒక పల్లం ఉంది. పడుకున్నోడికి అదే లోతు. ఆడ చేరుతాయి."

"కుడికా ఎడమకా?"

"మనిషి కుడికి సార్."

"తప్పు నేర్చుకున్నావు కదా, పోయిన శనివారం దాకా ఎడమ అన్నావే."

"అన్నాను సార్. ఎందుకు అన్నానో ఇప్పుడు తెలుసు. ఇంగ మర్చిపోను."

విజయేంద్ర ఇంకో పిల్లను అడిగాడు. వాకిలికి ముందు అంచులో ఏమేమి ఉన్నాయో ఆ పిల్ల ఫ్రేములో ఆ అంచు దగ్గర వేలు పెట్టి వరసగా చెప్పింది. తరవాత తేజస్‌ను అడిగాడు. ఆ ఖాళీ ఎడమ చివర ఏ అవయవం దగ్గర ఆగుతుంది? తేజస్ కిడ్నీ అన్నాడు. తరవాత పాంక్రియాస్ అన్నాడు. తరవాత ఊరుకున్నాడు. స్ప్లీన్ అని చెప్పాల్సింది.

"చూసినావా?" అన్నాడు విజయేంద్ర మేధతో.

"చూసినాను సార్. అందుకే రేపు ఆదివారం కూడా పెడుతున్నాను."

"రేపు గేటు తెరవరు."

"గేటు బయట పెడతాను."

"సోమవారం నీకు ఇంకో మెమో వస్తుంది మేధా."

"రానివ్వండి సార్. దానికీ నాలుగు వాక్యాలే రాస్తాను."

ఆయన గచ్చు మీది బొమ్మను ఒకసారి చూశాడు. దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి కారెక్కాడు.

ఐదు నిమిషాలకు వాచ్‌మన్ జయరాం వచ్చాడు. ఇక్కడ కూర్చోకూడదని గేటు దగ్గర సార్ చెప్పి పోయినారన్నాడు.

"చెప్పేసినావు కదప్పా, నీ పని అయింది" అంది కుముద. "ఇంగ పొయ్యి ఒక కుర్చీ తీసుకరా. మోకాళ్లు పట్టేసినాయి నాకు."

జయరాం మేధ వైపు చూశాడు. అతను వెనక్కి వెళ్లి, తన స్టూలు తెచ్చి రేకుల నీడలో వేశాడు.

"తేజస్, ఇట్రా" అంది మేధ. "పై పలక నుంచి మొదలుపెడదాం. నువ్వే చెప్పు, ఇక్కడ ఏముంది?"

"ఖాళీ మేడం."

"దాని ఎడమ కొసకు వేలు పెట్టు. మనిషి ఎడమకు. ఇప్పుడు ఒక్కో పలక దిగుతూ రా. ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం."

తేజస్ వంగాడు. మిగతా పదముగ్గురూ వెళ్లిపోకుండా చుట్టూ కూర్చున్నారు.